తలుపు చాటు డ్రిల్లు

ఆడబిడ్డ గౌరి పురుటికి సోంపేట మంత్రసానిని ఇప్పుడే మాట్లాడి ఉంచమని కోడలు లక్ష్మీకాంతం మొగుడితో అంటున్న మాట సుభద్రమ్మ చెవిన పడింది. పెరటి వసారాలో పీట మీద కూర్చుని, చేతులకి కొబ్బరినూనె రాసుకుని, పనసకాయ వలుస్తోందావిడ. పురుడు పొయ్యడానికి మంత్రసాని రావడంలో వింతేమీ లేదు, ఎప్పుడూ వచ్చేదే. కానీ కోడలు అక్కడితో ఆగలేదు. పురుడు వెళ్ళాక కూడా బిడ్డకి నీళ్ళు ఆవిడే పోస్తుందని, కొన్నాళ్ళు ఇక్కడే ఉండేటట్టు రమ్మనమని చెప్పింది.

"అమ్మ ఉండగా మంత్రసాని ఎందుకే?" అన్నాడు రామూర్తి.

"అత్త కాల్ల సంగతి పక్కనెట్టు. నీల్లు మసిలిపోతన్నా సూసీసినానంటాది. పసిగుడ్డు గదా. నాకు బయం," అంది లక్ష్మీకాంతం.

సుభద్రమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తిపీట అవతలకి తోసి, లోపలికి వెళ్ళి కోడల్ని దులిపేద్దామని లేవబోయింది. లేవలేకపోయింది. చెయ్యి నేలకి ఆనిస్తే నూనె చెయ్యి జారింది. రాట పట్టుకుందామంటే అది అందేంత దగ్గర్లో లేదు. కాళ్ళు రెండూ తనవి కానట్టు అలాగే ఉండిపోయాయి. కన్నమ్మని కేకేసింది. కన్నమ్మ పశువుల శాలలో చేతులు కడుక్కుని, తన నడుం తను పట్టుకుని మూలుక్కుంటూ వచ్చి, చంకల కింద చేతులు పెట్టి లేవదీసేసరికి రామూర్తి తోటకి వెళ్ళిపోయాడు, కోడలు నూతికాడికి వెళ్ళిపోయింది. దులపడానికి ఎవరూ మిగల్లేదు.

ఆ ఊళ్ళో మీసాలు మెలేసే మగాళ్ళు కూడా సుభద్రమ్మ ముందు గొంతు తగ్గించి మాట్లాడతారంటే అది ఆవిడ కొబ్బరితోటలు చూసి కాదు. పసితనంలో వాళ్ళందరినీ చాపిన కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, సాంబ్రాణి పొగ వేసిన మనిషి ఆవిడ. ఎవడికి ఎక్కడ పుట్టుమచ్చ ఉందో ఎరుగును. అటువంటావిడ కన్నకూతురి తొలిచూలు బిడ్డకి నీళ్ళు పొయ్యడానికి పొరుగూరి మనిషి వస్తుందట! ఇంతకన్నా అవమానం మరోటుందా?

నిజం చెప్పాలంటే కోడలి భయం వట్టిది కాదు. కిందటి కార్తీకంలో సుభద్రమ్మ శాల గడప తట్టుకుని పడింది. ఎముకకేమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ ఆవిణ్ణి కదలనివ్వలేదు. నువ్వు లేవకమ్మా అని కొడుకు, నాను తెత్తానుండండి అత్తా అని కోడలు, మంచం దగ్గరకే అన్నీ అందించారు. ప్రేమకేం కొదవ లేదు. ఆ ప్రేమలో పడి కాళ్ళు పుల్లలయ్యాయి, మతి మబ్బు పట్టింది. పులుసులో ఉప్పు రెండోసారి వేసేది. అడిగితే, "ఈ ఉప్పులో ఉప్పదనం నేదు, అందుకే ఏసినాను," అనేది. మరిచిపోయానన్న మాట మాత్రం ప్రాణం పోయినా ఆవిడ నోట రాదు.

*

వేసవి సెలవులివ్వగానే అల్లుడు ఈశ్వరరావు పెళ్ళాన్ని పురుటికి తీసుకొచ్చి, సెలవులు ముగిసేదాకా తనూ ఉండిపోయాడు. గౌరీశ్వరికి ఏడో నెల. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి వేసవి అది. టెక్కలి నుంచి బస్సులో దుమ్ము కొట్టుకుని దిగాడు ఈశ్వరరావు. టెక్కలి స్కూల్లో డ్రిల్లు మాస్టరు అతను. మేష్టరే గానీ పాఠం చెప్పే మేష్టరు కాదు, పిల్లల్ని ఎండలో గెంతించే మేష్టరని లక్ష్మీకాంతం చాటున నవ్వుతుంది. సంబంధం మేనరికం కాదు, బయటిది. అందుచేత ఆ ఇంటి ఆచారం ప్రకారం అత్త అల్లుడి ఎదట పడదు. పెళ్ళిలో కాళ్ళు కడిగేటప్పుడు, అప్పటికి ఆవిడ పెనిమిటి పెద్దాయన బతికే ఉన్నాడు, నీళ్ళు పోసింది తనే కాబట్టి సుభద్రమ్మకి అల్లుడి పాదాలు బాగా తెలుసు. మొహం ఫొటోలో చూసింది. మాటలన్నీ తలుపు చాటునుంచే.

గౌరిని ఆసుపత్రిలో చూపించడానికి బండి కట్టినప్పుడు సుభద్రమ్మ కూడా ఎక్కింది. పిల్లకి తోడన్నది పైకి చెప్పిన మాట. లోపలి మాట వేరు. డాక్టరమ్మ గౌరిని చూశాక, సుభద్రమ్మ చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి తీసి, కాళ్ళు చూపించి, మనవరాలో మనవడో పుట్టేలోగా వీటికి బలం రావడానికి మందేదైనా రాయమంది. డాక్టరమ్మ పిక్కలు నొక్కి చూసింది. కూర్చోబెట్టి లేవమంది. నిన్న ఏం కూర తిన్నావని అడిగింది. దానికి సుభద్రమ్మ, "కూరలు తలుసుకోడానికా నానొచ్చినాను?" అంది.

మందు లేదని చెప్పింది డాక్టరమ్మ. రోజూ లేచి కూర్చోవాలి, నడవాలి, ఒంటికాలి మీద నిలబడాలి, నడుస్తూ ఏదైనా వల్లించాలి, కాళ్ళూ బుర్రా కలిసి పనిచెయ్యాలంది. మా ఆయన డ్రిల్లు మాస్టరని గౌరి చెప్తే ఆవిడ పెద్దగా నవ్వి, ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని నా దగ్గరకెందుకొచ్చారని అడిగింది.

అత్తగారికి అల్లుడు డ్రిల్లు చెప్పడం! గౌరి పట్టుబట్టింది గానీ ఈశ్వరరావు కుడితిలో పడ్డ ఎలుకైపోయాడు. చివరికి ఒక ఏర్పాటు కుదిరింది. సాయంత్రం పూట అతను వీధి వసారాలో బల్ల మీద, వీధికేసి తిరిగి కూర్చుంటాడు. వెనకాల నడిమింటి తలుపు ఓరగా వేసి ఉంటుంది. ఆ తలుపు చాటున అత్తగారు చెప్పినట్టు చేస్తుంది. స్కూల్లో అయితే అటెన్షనూ, వన్ టూ అనీ అరిచేస్తాడు. అత్తగారిని అలా అంటారా? గొంతు సవరించుకుని, "తమరు ఓసారి పీట మీంచి లేవాలండి. చేతులు ఆనించకూడదండి. ఇప్పుడు నిదానంగా కూర్చోవాలండి," అన్నాడు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఎవరికి చెప్తున్నాడో తెలియక ఇటు చూసి, అటు చూసి వెళ్ళిపోయారు.

ఆ మొదటిరోజు సుభద్రమ్మ నిజంగానే చేసింది. చెయ్యి ఆనించకుండా లేవబోయి పీట మీద కూలబడింది. రెండోసారి ద్వారబంధం పట్టుకుని లేచింది. మడమలెత్తమంటే ఎత్తింది. పిక్కలు వణికాయి, చెమటలు కారాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేవలేక పీట మీద కూలబడిన చప్పుడు అల్లుడికి వినిపించే ఉంటుందని సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ రాత్రి ఆలోచించింది. ఏళ్ళ నాడు తనకి శని పట్టినప్పుడు జపం తను చేసిందా? బ్రాహ్మలొచ్చి కూర్చుని చేశారు. సంకల్పంలో తన పేరూ గోత్రమూ చెప్పుకుని వాళ్ళు చేస్తే ఫలం తనకి దక్కింది. పెద్దాయన జ్వరం తగ్గితే నడిచి వస్తానని మొక్కుకున్న మొక్కుకి కూడా మరో మనిషిని నడిపించి, తను బండెక్కి వెళ్ళింది. దేవుడు కాదన్లేదు. అంత పెద్ద దేవుడికి లేని పట్టింపు ఈ డ్రిల్లుకుంటుందా?

మర్నాడు పొద్దున్నే కన్నమ్మని పిలిచి సంగతి చెప్పింది. కన్నమ్మది దాదాపు ఆవిడ వయసే. సుభద్రమ్మ కాపరానికొచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లోనే పని. రోజంతా గొంతుక్కూర్చుని పీచు తీసి తాళ్ళు పేని, నడుం పట్టేసిన మనిషి.

"నా పేరు తలుసుకుని సెయ్యాల. సుభద్రమ్మ కాల్లకి బలం రావాల అనుకోవాల. తెలిసిందేటే?"

"అలగనుకుంటే మీకొచ్చీత్తాదా అమ్మగోరూ?"

"జపానికి రానేదేటి?"

కన్నమ్మ లెక్క చూసుకుంది. సాయంత్రం పూట తాళ్ళు పేనక్కర్లేదు, ఆకూ వక్కా దొరుకుతాయి. ఒప్పుకుంది.

*

ఆ రోజు నుంచి డ్రిల్లు బ్రహ్మాండంగా సాగింది. తలుపు అవతల ఈశ్వరరావు, "మడమలెత్తండి, దించండి," అనేవాడు. తలుపు ఇవతల కన్నమ్మ చెంగు నడుముకి బిగించి, పెదాలు కదుపుతూ యజమానురాలి పేరు తలుచుకుని, ఎత్తేది, దించేది. సుభద్రమ్మ మంచం మీద ఒరిగి, తన వ్యాయామం చప్పుడు తను వింటూ తృప్తిగా వక్క కొరికేది. బాగా చేస్తున్నారండి అని అల్లుడంటే, ఏదో మీ దయ బావూ అని మంచం మీంచే జవాబు చెప్పేది.

కొన్నాళ్ళకి అల్లుడు కొత్త పాఠం పెట్టాడు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూ, అడుగుకో పేరు చెప్పాలి. ఏ పేర్లన్నది గౌరి సలహా. అమ్మ నీళ్ళు పోసిన పిల్లల పేర్లు, వీధి ఈ కొస నుంచి ఆ కొసకి, ఇల్లిల్లూ వరసగా.

ఇది చిక్కొచ్చి పడింది. కన్నమ్మ నోరు విప్పితే దొరికిపోతారు. అందుచేత పని పంచుకున్నారు. అడుగు కన్నమ్మది, పేరు సుభద్రమ్మది. కన్నమ్మ అడుగేస్తే మంచం మీంచి సుభద్రమ్మ, "గున్నయ్య," అనేది. మరో అడుగుకి, "వాడి సెల్లి తులసి," అనేది. మొదట్లో వీధి సగం రాకుండానే పేర్లు ఆగిపోయాయి. కరణంగారి ఇంటి రెండోవాడు. చుక్క నీరు ఒంటిమీద పడితే చాలు కెవ్వుమనేవాడు, నీళ్ళంటే భయం. మొహం కళ్ళముందుంది, పేరు రాదు. కన్నమ్మ ఒంటికాలు గాల్లో ఎత్తి అలాగే నిలబడిపోయింది. 

"గొంతు పట్టీసినాది బావూ, రేపు సెప్తాను," అని సుభద్రమ్మ తప్పించుకుంది.

రాత్రంతా ఆ పేరు కోసం వెతుక్కుంది. తెల్లారి పాలు పితికే వేళకి దొరికింది. కూర్మనాథం! లేచి కూర్చుని పైకే అనేసింది. మర్నాటికి మరో ఇంటి దగ్గర ఆగింది, అదీ దొరికింది. రోజూ వల్లించగా వల్లించగా, మామిడిపళ్ళ రోజులు వచ్చేసరికి వీధి కొసదాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తోంది. పులుసులో ఉప్పు కూడా ఒక్కసారే పడుతోంది చాలామటుకు.

చూశావా, ఫలం వస్తోందని కన్నమ్మతో అంది. ఇక కాళ్ళ సంగతి పరీక్షించుకుందామనిపించింది.

ఒక మధ్యాహ్నం గౌరి పడుకుంది, లక్ష్మీకాంతం జీడిపిక్కలు ఎండలో తిరగేస్తోంది. సుభద్రమ్మ కన్నమ్మ సాయంతో పెరటి వసారాలో పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. అటక మీంచి ఒక గుమ్మడికాయ తెప్పించింది. పుట్టిన బిడ్డంత ఉంటుంది. దాన్ని కాళ్ళ మీద పెట్టుకుని, నూనె రాస్తున్నట్టు చేత్తో నిమిరింది. ఆ మాట ఈ మాట చెబుతూ ఉత్త చెంబుతో నీళ్ళు పోస్తున్నట్టు చేసింది. నాలుగు చెంబులు పొయ్యలేదు, తొడలు వణకడం మొదలెట్టాయి. మోకాళ్ళు విడిపోయాయి. గుమ్మడికాయ దొర్లి, వసారా మెట్టు మీంచి రాతి మీద పడి పగిలింది.

సుభద్రమ్మ దానికేసి చూసింది. గింజలు రాతి మీద చెదిరి ఉన్నాయి. 

కన్నమ్మ ముక్కలేరడానికి కూర్చుంది. ఏరి, చెంగులో వేసుకుని, చెయ్యి ఎక్కడా ఆనించకుండా లేచి నిలబడింది. మూలగలేదు. నడుం పట్టుకోలేదు. సుభద్రమ్మ అప్పుడు చూసిందా సంగతి.

"మల్లీ కూకో," అంది.

కన్నమ్మ కూర్చుంది.

"లెగు."

లేచింది, కొబ్బరిచెట్టెక్కే వాడిలా చులాగ్గా.

"నా ఫలం అంతా నువ్వు తినీసినావే," అంది సుభద్రమ్మ. 

కన్నమ్మ హడలిపోయింది. "నానడిగినానా అమ్మగోరూ? ఒట్టు, మీ పేరే తలుసుకున్నాను. గెంతిన కాల్లకే వొచ్చీసినాది. నానేటి సేత్తాను?"

సుభద్రమ్మకి సంగతి తెలిసొచ్చింది. పేర్లు తను చెప్పింది, పేర్లు తనకొచ్చాయి. అడుగులు కన్నమ్మ వేసింది, బలం కన్నమ్మకొచ్చింది. ఇందులో తెలియకపోవడానికేముంది? చిన్నపిల్లకి చెబితే అర్థమవుతుంది. పగిలిన కాయ చోట పసిగుడ్డుంటే ఏమయ్యేదో తలుచుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కన్నమ్మ చెంగులో గుమ్మడిముక్కలతో అలాగే పక్కన నిలబడింది. కాసేపటికి, కూరొండించీమంటారా అమ్మగోరూ అని మెల్లిగా అడిగింది.

*

సాయంత్రం ఈశ్వరరావు బల్ల మీద కూర్చుని, మొదలెడదామా అండి అన్నాడు.   ఓరగా ఉన్న తలుపు కిర్రుమని పూర్తిగా తెరుచుకుంది. అతను ఆ చప్పుడుకి వెనక్కి తిరిగి, ద్వారబంధం పట్టుకుని నిలబడ్డ అత్తగారిని చూసి, గబుక్కున లేచి తల పక్కకి తిప్పుకున్నాడు.

"బావూ, ఇన్నాల్లూ గెంతింది నాను కాదు. కన్నమ్మ," అంది సుభద్రమ్మ.

"తెలుసండి."

"ఎలగ తెలుసు?"

"మీ కాళ్ళకి కడియాలు లేవు కదండీ. అడుగేసినప్పుడల్లా గలగలమంటుంటే..."

సుభద్రమ్మ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. కన్నమ్మ కడియాల చప్పుడు జీవితమంతా వింటున్నదే, అందుకే తన చెవికి ఆనలేదు. "మరి సెప్పనేదేటి?" అంది.

"అత్తగారు అబద్ధం ఆడుతున్నారని అల్లుడు ఎలా అంటాడండి?"

అతనికి మర్యాద అడ్డం. తనకి పరువు అడ్డం. మధ్యన ఒక తలుపు. ఆ తలుపుకి రెండు పక్కలా ఇద్దరూ ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ కూర్చుంటే రోజులు గడిచిపోయాయి. గౌరికి తొమ్మిదో నెల వచ్చేసింది.

"ఆచారం ఎక్కువా, పసిగుడ్డు ఎక్కువా? నోపలికి రా బావూ. నా ఎదురుగుండా కూకుని, నాను సేత్తంటే సూడు. తప్పయితే తప్పని సెప్పు. అత్తనని ఊరుకోకు."

ఈశ్వరరావు లోపలికొచ్చాడు. తల ఎత్తాడు. సుభద్రమ్మ కూడా తల ఎత్తి అల్లుడి మొహంలోకి మొట్టమొదటిసారి చూసింది. ఫొటోలో కనపడని చిన్న గాటు ఎడమ కనుబొమ మీద ఉంది. మంచి మొహమే, అనుకుంది. అప్పుడే నీళ్ళబిందెతో లోపలికొచ్చిన లక్ష్మీకాంతం ఇద్దర్నీ ఒకే గదిలో చూసి, "ఓలమ్మా," అని బిందె చంకనుంచి దించడం మరిచిపోయి నిలబడింది.

ఈశ్వరరావు చూసిన మొదటి నిమిషంలోనే తప్పు పట్టుకున్నాడు. లేచేటప్పుడు ఆవిడ వెనక్కి వాలుతోంది. ముందు పాదాలు దగ్గరకి లాక్కుని, తల ముందుకి వంచి, అప్పుడు లేవాలన్నాడు. కాయితాల మీద రాసినా, తలుపు చాటునుంచి అరిచినా తెలిసేది కాదది. ఒకటికి రెండు పీటలు వేసి, ఎత్తు మీంచి లేవడం నేర్పాడు. అది వచ్చాక ఒక పీట తీసేశాడు. తలుపు గొళ్ళెం వేలితో పట్టుకుని ఒంటికాలి మీద నిలబెట్టాడు. పీట మీద కాళ్ళు చాపించి, బియ్యం మూట పెట్టి, కదలకుండా పట్టమన్నాడు. కన్నమ్మని మానెయ్యమనలేదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, గోడకీ గోడకీ మధ్య నడుస్తూ, ఊళ్ళో పిల్లల పేర్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పేవారు. సుభద్రమ్మ తడబడితే కన్నమ్మ ఆగేది గానీ అందించేది కాదు. అందించకూడదని మాస్టరు హుకుం.

కాళ్ళ నొప్పులకి సుభద్రమ్మ అల్లుణ్ణి తిట్టని తిట్టు లేదు. బావూ పోయి, ఒకనాడు ఒరే నాయనా దాకా వచ్చింది. అతను నవ్వి, మరొక్కసారండి అనేవాడు. ఎన్నిసార్లు చేసినా అతనికి మరొక్కసారి మిగిలే ఉండేది. స్కూలు తెరిచాక టెక్కలి నుంచి ఆదివారాలు వచ్చేవాడు. మిగతా రోజులు గౌరి నిండు కడుపుతో మంచం మీద కూర్చుని, మొగుడి గొంతు పెట్టి అమ్మకి డ్రిల్లు చెప్పేది. ఊళ్ళో అనుకునేవాళ్ళు అనుకున్నారు. అల్లుడు అత్తని గెంతిస్తున్నాడని నూతికాడ నవ్వుకున్నారు. సుభద్రమ్మ విని, "మీరూ రండర్రా, సోటుంది," అంది. ఎవరూ రాలేదు.

*

ఆషాఢం ముసురులో గౌరికి ఆడపిల్ల పుట్టింది. సోంపేట మంత్రసాని వచ్చి పురుడు పోసింది. మంచి మనిషి, చేతిలో పని ఉన్న మనిషి. పురుడు వెళ్ళేదాకా బిడ్డకి నీళ్ళు ఆవిడే పోసింది. సుభద్రమ్మ గుమ్మంలో నిలబడి చూసిందే గానీ నోరు మెదపలేదు. ఆ పదిరోజులూ డ్రిల్లు కూడా మానలేదు.

పురిటిస్నానం అయిన మర్నాడు ఆదివారం. ఈశ్వరరావు వచ్చి ఉన్నాడు. వాన తెరిపిచ్చింది. సుభద్రమ్మ పొద్దున్నే, నేడు నాను పోత్తాను అంది. మంత్రసాని లక్ష్మీకాంతం మొహంలోకి చూసింది.  లక్ష్మీకాంతం బిడ్డని మెత్తటి పాతచీరలో చుట్టి, గుండెలకి ఆనించి పట్టుకుని నిలబడింది. పిల్లని ఎవరూ లాక్కుపోకుండా పట్టుకున్నట్టుగా ఉంది ఆ పట్టు.

పెరట్లో కాగులో వేణ్ణీళ్ళు, పక్కన బానలో చన్నీళ్ళు, గిన్నెలో నూనె, సున్నిపిండి. సుభద్రమ్మ పీట దగ్గరకి నడిచి వచ్చి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, రాట ముట్టుకోకుండా కూర్చుంది. చీర మోకాళ్ళ పైకి లాక్కుని కాళ్ళు చాపింది. పాదాలు దగ్గరకి చేర్చింది. ఈశ్వరరావు వసారాలో నిలబడ్డాడు. గౌరి గదిలోంచి మెడ సాచి చూస్తోంది. సుభద్రమ్మ కాళ్ళు రాయిలా కదలకుండా ఉన్నాయి. అందరికీ కనపడుతూనే ఉంది.

బేసిన్లోకి వేణ్ణీళ్ళు తోడింది, చన్నీళ్ళు కలిపింది. నూనె వేడి చూసింది. కన్నమ్మతో ఏదో అంది. సున్నిపిండి చాలదేమోనని మరికాస్త వేయించింది. అరచేతులు రాపాడించుకుని, బిడ్డ కోసం రెండు చేతులూ చాపింది.

చేతులు గాల్లో ఆగిపోయాయి.

నీళ్ళు చూశానా?

మోచెయ్యి తడిగానే ఉంది. అది నీళ్ళలో ముంచి చూసిన తడో, ఇందాకా చేతులు కడుక్కున్నప్పటి తడో తెలియలేదు. చన్నీళ్ళు ఎన్ని చెంబులు కలిపిందో జ్ఞాపకం లేదు. వెతికింది. పేర్లు వెతికినట్టు వెతికింది. వీధి కొసదాకా పిల్లలందరూ వరసగా కనబడ్డారు గానీ ఇందాకటి ఆ ఒక్క నిమిషం కనబడలేదు.

మళ్ళీ మోచెయ్యి ముంచితే సరిపోయేది. ఎవరూ కనిపెట్టేవారు కాదు. సర్లే అని వంగబోయింది కూడా. అప్పుడు తోచిందావిడకి. నేడంటే అనుమానం వచ్చింది కాబట్టి చూస్తాను. అనుమానమే రాని రోజు వస్తే? చూసీసినానని ధీమాగా చెంబెత్తిన రోజు వస్తే?  ఇన్నాళ్ళూ కాళ్ళకి భయపడింది. కాళ్ళు చెప్పిన మాట విన్నాయి. ఇది కాళ్ళ సంగతి కాదు.

అందరూ తన చేతులకేసే చూస్తున్నారు. సుభద్రమ్మ చాపిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"లచ్చింకాంతం," అంది. "నీల్లు నువ్వు సూడే. సూసినానో నేదో నాకు గురుతు నేదు."

 ఆ ఇంట్లో, ఆ మాటకొస్తే ఆ ఊళ్ళోనే, ఆవిడ నోట ఆ మాట విన్నవాళ్ళు లేరు. కన్నమ్మ తల దించుకుంది.

"నేడొక్కనాడే కాదు. రోజూ నువ్వే సూడాల. నాను సూసీసినానని సెప్పినా సరే, నువ్వు సూడందే పోయనీకు."

లక్ష్మీకాంతం బిడ్డని ఒక చేత్తో అదిమి పట్టి, వంగి రెండో చెయ్యి బేసిన్లో పెట్టింది. చటుక్కున వెనక్కి తీసింది.  బానలోంచి ఒక చెంబు, మరో చెంబు చన్నీళ్ళు కలిపి, మోచెయ్యి ముంచి, కాసేపు ఉంచి తీసింది. వేళ్ళు ఎర్రబడ్డ చెయ్యి చీరకి తుడుచుకుంది. అప్పుడు చీరచుట్టు విప్పి, బిడ్డని తన చేతులతోనే అత్త కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టింది. పడుకోబెట్టి, చేతులు తియ్యలేదు. కాళ్ళు వణుకుతాయేమోనని కాసేపు చూసింది. అవి వణకలేదు. చేతులు తీసేసింది.

"సోంపేటామెని రేపు బండెక్కించీమంటానత్తా," అంది లక్ష్మీకాంతం. 

"ఎక్కించుదువుగాని," అంది సుభద్రమ్మ, చిట్టి వీపు మీద నూనె చెయ్యి వేసి. "ముందు నీల్లొంచు."